చెరపకుండా వదిలిన లెక్క

పాలు పొంగినా మా అక్కకు అనుమానమే, పొంగకపోయినా అనుమానమే. పొంగితే పొయ్యి దగ్గరున్నవాడు, అంటే నేను, ఏదో చెప్పరాని ఆలోచనలో ఉన్నానని. పొంగకపోతే పాలవాడు నీళ్ళు కలిపాడని. తాళం వేసి లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేది. సంబంధాలు రాకపోలేదు. అబ్బాయి ఎక్కువ మాట్లాడితే ఏదో కప్పిపుచ్చుతున్నాడనేది, తక్కువ మాట్లాడితే ఏదో దాస్తున్నాడనేది. చివరికి సంబంధాలు తెచ్చే పెద్దమనిషి మా గుమ్మం తొక్కడమే మానేశాడు. "చూశావా, ఆయనకీ ఏదో భయముందిరా," అంది.

బళ్ళో పిల్లలు ఆమెను అనుమానం టీచరు అనేవారు. తమకు తప్ప ఆ పేరు ఎవరికీ తెలియదనుకునేవారు పాపం. బోర్డు మీద ఏడు అంకె వేస్తే దాని నడుముకు అడ్డంగా చిన్న గీత గీసేది. ఎందుకని అడిగాను. "ఒకటిని ఏడు చెయ్యడం ఎంతసేపురా? నా ఏడుకి గీత ఉంటుందని అందరికీ తెలిస్తే, గీత లేని ఏడు నాది కాదని కూడా తెలుస్తుంది," అంది. సుద్దముక్కతో రాసి సాయంత్రానికి చెరిపేసే అంకెను ఎవరు దిద్దుతారో, దిద్ది ఏం బావుకుంటారో నేను అడగలేదు. అడిగితే ఆ రోజుకి నా మీద పడేది.

అమ్మానాన్నలు పోయేనాటికి నేను నిక్కర్లు వేసుకునేవాణ్ణి. పెంచింది అక్కే. చదివించింది అక్కే. డిగ్రీ చేతికొచ్చాక కాళ్ళరిగేలా తిరిగాను. ఎక్కడికెళ్ళినా నాలాంటివాళ్ళు నాకంటే ముందే వచ్చి గోడవారన నిలబడి ఉండేవారు. మా ఊరి చుట్టూ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వెలిశాక ఊరు ఊరంతా కుర్రకారే అయింది. కొత్త జంటలు, కొత్త అద్దెగదులు, ప్రతి గుమ్మంలోనూ ఒక ఉయ్యాల. చెప్పుల కొట్టువాడు పక్క కొట్టు కూడా కొని మధ్యగోడ పడగొట్టాడు. దీపాలు పెట్టగానే నిద్రపోయే వీధుల్లో ఇప్పుడు ఇసక వేస్తే రాలనంత జనం. రేడియోలో ఎవరో పెద్దమనిషి యువతే మన ఆస్తి అని గంటసేపు చెప్పాడు. అక్క గిన్నె తోముతూ విని, "ఆస్తే, కాదన్నదెవరు? కూర్చోబెట్టడానికి బెంచీ ఏదో అది చెప్పడేం?" అంది. నేనూ ఆ ఆస్తిలో భాగాన్నే. ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేదు.

బెంచీల మాట నిజం. బడిలో పిల్లలు పట్టక రెండు పూటలు చేశారు. పొద్దుటిపూట ఒక మంద, మధ్యాహ్నం ఇంకో మంద. గదులు అవే, బెంచీలు అవే, టీచర్లు మాత్రం వేరు. మొదట్లో ఒకనాడు వెళ్ళే పిల్లలూ వచ్చే పిల్లలూ వరండాలో ఎదురెదురై తొక్కిసలాట జరిగి, ఒక పిల్లాడి చెయ్యి విరిగింది. అప్పటినుంచి గంట కొట్టే ఆయా ఒక చట్టం పెట్టింది. పొద్దుటి పిల్లలు వరసగా ముందు గేటులోంచి బయటికి పోవాలి, వాళ్ళ టీచరు వాళ్ళ ముందు నడవాలి. చివరి పిల్ల గేటు దాటాక ఆయా తాళం వేసి, వెనక గేటు తీస్తుంది. మధ్యాహ్నం పిల్లలూ వాళ్ళ టీచరూ అటునుంచి వస్తారు. హెడ్మాస్టరైనా సరే ఆ చట్టం ముందు నోరెత్తడు.

దాంతో ఏమైందంటే, ఒకే గదిలో ఒకే కుర్చీలో కూర్చునే ఇద్దరు టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకునే వీలు లేకుండా పోయింది. ఆ ఏడాది మా అక్క గదికి మధ్యాహ్నంపూట కొత్త అమ్మాయి వచ్చింది. ఇంకా ఖాయం కాని ఉద్యోగమట. అక్క ఆ అమ్మాయిని చూడలేదు గానీ ఆనవాళ్ళు చూసింది. కుర్చీ మీద పువ్వుల గుడ్డతో కుట్టిన చిన్న దిండు. సొరుగులో జడపిన్ను. కిటికీ పక్క బెంచీ ప్రతిరోజూ కాస్త ముందుకి జరిగి ఉండేది.

"బెంచీ ఎందుకు జరుపుతోందంటావు?" అంది ఒకరోజు.

"వెలుతురు కోసమేమో."

"వెలుతురు కావాలంటే కిటికీ తియ్యొచ్చుగా. బెంచీ జరపడమెందుకు?"

ఇంతవరకూ నవ్వుకున్నాను. అసలు కథ పిల్లలు తగ్గడంతో మొదలైంది. మా అక్కది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పూటకి పిల్లలు పలచబడ్డ తరగతిని పక్క గదిలో కలిపేసి ఆ టీచరుని ఇంటికి పంపడం అక్కడి పద్ధతి. ఊరంతా పిల్లలు పుట్టలు పుట్టలుగా ఉంటే అక్క గదిలో వెనక బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. ఎందుకు రావడం లేదని తల్లుల్ని అడిగితే ఒకామె జ్వరమంది, ఇంకొకామె ఊరెళ్ళిందంది. అందరూ నేల చూపులు చూస్తూనే చెప్పారు.

"ఏదో దాస్తున్నారురా," అంది అక్క. ఆ మాట ఆమె రోజూ అనేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

తర్వాత బొంగరం కూడా మానేసింది. ఒక్క చోట నిలవదని ఆ పిల్లకి ఆ పేరు అక్కే పెట్టింది. లెక్కల్లో అక్కకు ప్రాణం ఆ పిల్లంటే. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, బొంగరం బడి మానలేదు. మధ్యాహ్నంపూటకి మారింది. మానేసిన మిగతావాళ్ళలో చాలామంది అక్కడే ఉన్నారు.

ఆ రోజు అక్క భోజనం ముట్టలేదు. "దిండు చూసినప్పుడే అనుకున్నాను. కుర్చీ ఖాయం చేసుకునేవాళ్ళే దిండు తెచ్చుకుంటారు. నా పిల్లల్ని లాగేసుకుంటే నా తరగతి పోతుంది. దాని తరగతి నిండుతుంది, దాని ఉద్యోగం ఖాయమవుతుంది. అంతా లెక్కే!" నాకు మొదటిసారి భయమేసింది. ఇంటి అద్దె, పొయ్యి మీదికొచ్చేది, నా చెప్పులు, అన్నీ ఆ ఉద్యోగంలోంచే రావాలి. అక్క అనుమానం నిజమైతే మేమిద్దరం వీధిలో ఉంటాం.

"నువ్వు రేపు పొద్దున్న ఆ పిల్లల వీధికెళ్ళు. ఖాళీగానే ఉన్నావుగా, అసలు సంగతి కనుక్కురా," అంది. డిగ్రీ చదివినందుకు నాకు దొరికిన మొదటి పని అది.

తను వేరే ఉచ్చు పన్నింది. ఆ అమ్మాయి తన పాఠాలు కూడా దొంగిలిస్తోందని అక్క నమ్మకం. బోర్డు మీద సరిగా చెరగని మరకల్లోంచి లెక్కలు ఏరుకుని అవే చెబుతోందట. రెండు పూటల టీచర్లకి ఒక మర్యాద ఉంది. వెళ్ళేముందు బోర్డు శుభ్రంగా తుడిచి వెళ్ళాలి. అక్క ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు మాత్రం పిల్లల్ని వరసలో నిలబెట్టి, బోర్డు నడిమధ్య ముద్దుగా ఒక భాగహారం వేసి, ఎనభై నాలుగుని ఏడుతో భాగిస్తే పన్నెండుకి బదులు పదమూడు అని రాసి, చెరపకుండా వచ్చేసింది. ఆ అమ్మాయి దొంగే అయితే అదే లెక్క ఎక్కిస్తుంది. మర్నాడు ఆ మధ్యాహ్నంపూట పిల్లల పుస్తకాలు, తన తరగతిలో ఉన్న వాళ్ళ అన్నదమ్ముల చేత తెప్పించి చూస్తే, పదమూడు దొరుకుతుంది. దొంగా దొరుకుతుంది.

అంతకు కాస్త ముందు నేను బొంగరం ఇంటి ముందున్నాను. ఆ వీధి నిండా ఫ్యాక్టరీవాళ్ళ గదులే. పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. గుమ్మాల్లో పిల్లలు, పిల్లల చంకల్లో పిల్లలు. బొంగరం తమ్ముణ్ణి నడుముకెత్తుకుని, ఉతికిన బట్టలు ఒంటిచేత్తో తీగమీద వేస్తోంది.

"బడికి రావడం లేదేం?" అన్నాను.

"వెళ్తున్నాగా, మధ్యాహ్నం." నన్ను ఎగాదిగా చూసింది. "మీరెవరు?"

"పొద్దుటి టీచరు తమ్ముణ్ణి."

"అనుమానం టీచరు తమ్ముడా?" అని నాలుక కరుచుకుంది.

"అవునులే. మధ్యాహ్నం టీచరు రమ్మందా నిన్ను?"

"రమ్మనలేదు. మొదట వద్దంది. చోటు లేదు, మీ టీచరు దగ్గరికే వెళ్ళమంది. కింద కూర్చుంటానని నేనే పోరాను. అమ్మది పొద్దున్న షిఫ్టు అయింది కదా. వీణ్ణెవరు చూస్తారు?" గొంతు తగ్గించింది. "ఎక్కడా చెప్పకండి. చంటిపిల్లలుంటే ఇంట్లో చూసేవాళ్ళున్నారని చెబితేనే పనిస్తారు. మా ఇంట్లో అమ్మమ్మ ఉందని అమ్మ చెప్పింది. మాకు అమ్మమ్మ లేదు."

నేను ఆ వీధిలో అటూ ఇటూ చూశాను. ఏ ఇంట్లోనూ అమ్మమ్మ ఉన్నట్టు లేదు. అక్క అన్నది నిజమే. తల్లులు దాస్తున్నారు. దాస్తున్నది ఆమె అనుకున్నది కాదు.

ఇంటికొచ్చేసరికి అక్క చెప్పులు విప్పుతోంది. చెప్పాను. చివరిదాకా విని, "ఆ పిల్లని వెనక్కి పంపబోయిందా? నిజంగా అలా అందా?" అని అడిగింది. అందన్నాను. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది.

"బోర్డు," అంది. పరుగెత్తింది. తాళం కూడా వెయ్యలేదు.

నేను వెనకాలే పరుగెత్తాను. ముందు గేటుకి తాళం. లోపల ఆయా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక, మామిడిచెట్టు నీడలో, తనిఖీ అధికారి కారు ఆగి ఉంది.

"గేటు తియ్యవే," అంది అక్క.

"ఇప్పుడు మీ పూట కాదు కదండీ."

"ఒక్క నిమిషం. బోర్డు తుడవడం మర్చిపోయాను."

ఆయా అనుమానంగా చూసింది. "మీరా? మీరు మర్చిపోవడమేంటి? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా మర్చిపోయారా? ఏదో ఉంది. ఎందుకొచ్చారో నిజం చెప్పండి." అక్క జీవితమంతా ఇతరుల్ని అడిగిన ప్రశ్న, అదే గొంతుతో, ఊచల అవతలినుంచి వచ్చింది. చివరికి బతిమాలితే తీసింది.

వరండాలోకి వెళ్ళేసరికి ఎదురుగా ఒక సన్నపాటి అమ్మాయి వస్తోంది. వయసులో నాకంటే చిన్నదే అయి ఉంటుంది. భుజాన సంచీ, చంకలో పువ్వుల గుడ్డ దిండు. ఆ దిండు చూసే అక్క ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏడవడం లేదు. ఏడుపు రాకుండా పళ్ళు బిగించుకుని ఉంది. అక్క ఎవరో తెలియక పక్కకి తప్పుకుని దారిచ్చింది.

గది గుమ్మంలో హెడ్మాస్టరు. లోపల అధికారి, ఆయన వెనక బోర్డు మీద ముద్దుగా పదమూడు. జరిగింది హెడ్మాస్టరు గబగబా చెప్పాడు. పిల్లలింకా కూర్చుంటుండగానే అధికారి వచ్చారట. లెక్క చూసి మండిపడ్డారట. ఇది నాది కాదు, పొద్దుటి టీచరుదని ఆ అమ్మాయి అందట. "ఎంత ధైర్యం చూడండి! మీరు బోర్డు తుడవకుండా ఎన్నడైనా వెళ్ళారా? ఆ మాటే నేను అయ్యగారితో చెప్పాను. తప్పు చెయ్యడం ఒకటి, పెద్దవాళ్ళ మీదికి నెట్టడం ఇంకొకటి. రేపట్నుంచి రావద్దన్నాం." అంతలో ఆయన కళ్ళు నామీద పడ్డాయి. "ఈ అబ్బాయి మీ తమ్ముడు కదూ? డిగ్రీ అన్నారు. పిల్లలు ఒంటరిగా ఉన్నారు, ఈ పూటకి నిలబడమనండి. బాగా చేస్తే అయ్యగారు ఖాయం చేస్తారు."

అధికారి నన్ను పైనుంచి కిందికి చూసి తలూపాడు.

నాకు గాల్లో తేలినట్టయింది. ఉన్నమాట చెబుతున్నాను. ఆ అమ్మాయి వరండా చివర ఇంకా కనిపిస్తూనే ఉంది. అయినా నా కాలు గడపలో పెట్టాను. ఎన్నేళ్ళ ఎదురుచూపు అది. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నేను తట్టుకోలేని మరేదో ఉంది. తర్వాత గిర్రున తిరిగి, "అమ్మాయ్, ఆగు!" అని వరండా దద్దరిల్లేలా కేకేసింది.

"ఆ లెక్క నాది. కావాలనే తప్పు వేశాను, కావాలనే చెరపలేదు," అంది అధికారితో.

ఆయన నమ్మలేదు. హెడ్మాస్టరూ నమ్మలేదు. "జాలిపడి అంటున్నారు. చిన్నపిల్ల కదా అని," అన్నాడు. ఎందుకు అలా చేస్తారని అడిగాడు అధికారి. పాఠం దొంగిలిస్తోందేమోనని చూడటానికి అంది అక్క. "ఇంత వింత కారణం ఎవరైనా నమ్ముతారా? ఇద్దరూ ఏదో కూడబలుక్కున్నారు," అన్నాడాయన. జన్మలో మొదటిసారి నిజం చెప్పి నమ్మించలేక మా అక్క నిలువునా తల్లడిల్లింది.

బోర్డు దగ్గరికెళ్ళి సుద్ద తీసుకుని, పాత లెక్క పక్కనే అదే లెక్క మళ్ళీ వేసింది. ఎనిమిది, నాలుగు, ఏడు. ఏడు నడుముకి అడ్డగీత, పాత లెక్కలో ఉన్నట్టే.

గచ్చు మీద కూర్చున్న పిల్లల్లోంచి బొంగరం లేచింది. "ఏడుకి అలా గీత పెట్టేది పొద్దుటి టీచరే సార్. ఈ టీచరు పెట్టదు. నేను పెడితే తీసెయ్యమంటుంది కూడా."

"మరి ఇందాక చెప్పలేదేం?" అన్నాడు హెడ్మాస్టరు.

"నన్నెవరడిగారు సార్?"

అధికారి రెండు ఏడులనీ చాలాసేపు చూశాడు. ఆ అమ్మాయిని దిండుతో సహా కుర్చీలో కూర్చోమన్నాడు. అక్కతో, "మీ సంగతి ఏడాది చివర చూస్తాం," అన్నాడు. నేను గడపలోంచి కాలు వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఏమీ పోలేదు. "నీ నోటి దగ్గర కూడు తీశానురా," అంది అక్క. కోపంగా ఉందన్నాను. ఉండదా మరి అంది. ఆ రాత్రికి అంతే.

మర్నాడు సాయంత్రం అక్క ఆ ఫ్యాక్టరీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి, "చంటివాళ్ళని ఎత్తుకునే రండి, నేనేమీ అనను, ఎవరికీ చెప్పను," అంది. పిల్లలు మొదట నమ్మలేదు. అనుమానం టీచరు అంత మంచిగా మాట్లాడితే ఎవరు నమ్ముతారు? ముందు బొంగరం వచ్చింది, తమ్ముణ్ణి నడుముకెత్తుకుని. వారంలో వెనక బెంచీలు నిండాయి, చంటిపిల్లలకి చాప వేయాల్సి వచ్చింది. చాప మీద వాళ్ళని ఆడించే పని జీతం భత్యం లేకుండా నాకు అంటగట్టింది. ఆయా నన్ను చూసి నవ్వుతూ చెంగు నోట్లో కుక్కుకునేది. ఒకడు నా డిగ్రీ మొహం మీద పాలు కక్కినప్పుడు నాకూ నవ్వొచ్చింది. గంట కొట్టాక అక్క బోర్డు ఒకటికి రెండుసార్లు తుడిచి, కుర్చీ మీద దిండు సర్ది వెళ్ళేది.

తరగతి నిలిచింది. అక్క నిలవలేదు. ఏడాది చివర ఆమెకు పొడిగింపు రాలేదు. ఆ పోస్టుకి కొత్తగా మనిషిని ఎంచుకుంటామని గేటుకి నోటీసు అంటించారు. ఎవరైనా రావచ్చన్నారు.

"నువ్వెళ్ళు," అంది అక్క. వెళ్ళాను. తెల్లవారకముందే వెళ్ళినా నాకు ముందు కొందరున్నారు. ఎండ ఎక్కేసరికి వరస గేటు దాటి, చెప్పుల కొట్టు దాటి, మలుపు తిరిగిపోయింది. అందరూ నా ఈడువాళ్ళే. అందరి చేతుల్లోనూ నా చేతిలో ఉన్న కాగితాలే. ముందువాడు వెనకవాడికి తన కాగితాలు కనబడకుండా గుండెకి అదుముకున్నాడు. నేనూ అదే చేశాను.

అప్పుడు చూశాను అక్కని. బడికి వెళ్ళే చీరే కట్టుకుని, అదే సంచీ తగిలించుకుని, వరస వెంట ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వస్తోంది. నా దగ్గర ఆగింది.

"నేనూ నిలబడదామనే వచ్చానురా. ఎవరైనా రావచ్చన్నారుగా," అంది. వెనక్కి తిరిగి మలుపు వైపు చూసింది. "ఇంతమందిలో ఎవర్ని అనుమానించాలిరా?"

ఆ వరస చివరికి వెళ్ళి నిలబడితే ఆమె వంతు వచ్చేసరికి తలుపులు మూసేస్తారు. నేను వరసలోంచి పక్కకి జరిగి, నా చోట్లో ఆమెను నిలబెట్టాను.

"ఏయ్, మధ్యలో దూరుతున్నారేంటి?" అన్నాడు వెనకవాడు.

"దూరడం లేదు. నా చోటు ఇచ్చాను. నేను పోతున్నాను."

వాడు నమ్మలేదు. నేను నిజంగా వరస వదిలి రోడ్డుకి అవతల నిలబడేదాకా కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. అక్కా అలాగే చూసింది. చెయ్యి ఊపి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకెక్కడైనా ఉద్యోగం దొరికి దాస్తున్నావా? ఇది నీకు అక్కర్లేదా?"

"కావాలక్కా," అన్నాను. "చాలా కావాలి."

అప్పుడు నమ్మింది.